మాల్టా దీవిలో దొరికిన పన్ను

(విశ్రాంత ఉద్యోగుల సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"విదేశం వెళ్ళి వచ్చారు గదా, సభలో నాలుగు మాటలు చెప్పండి" అని కార్యదర్శి గారు పట్టుబట్టారు. మనలో అమెరికా, ఆస్ట్రేలియా చూసి వచ్చినవారు చాలామంది ఉన్నారు. నేను వెళ్ళింది మాల్టా. ఈ పేరు చెప్పగానే మన కోశాధికారి గారు "రాగి మాల్టా, బార్లీ మాల్టా?" అన్నారు. అది తాగేది కాదు. మధ్యధరా సముద్రంలో, ఇటలీ వారి సిసిలీ దీవికి దక్షిణంగా సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న దేశం. మొత్తం వైశాల్యం 316 చదరపు కిలోమీటర్లు. మనం పనిచేసిన రోజుల్లో ఒక పెద్ద తాలూకా అంత కూడా ఉండదు. 1964 వరకు ఇంగ్లీషువారి పాలనలో ఉండడం వల్ల బండ్లు మనలాగే ఎడమ వైపున నడుస్తాయి. ఇంగ్లీషు అందరికీ వచ్చు. కనుక నాబోటి వాడికి పెద్ద ఇబ్బంది కలగలేదు.

మా అమ్మాయి అక్కడ ఒక ఆసుపత్రిలో నర్సు. 2023 మార్చిలో నేనూ, మా ఇంటావిడా దుబాయి మీదుగా వెళ్ళి రెండు నెలలు ఉండి వచ్చాము. చూసిన కోటలు, చర్చీలు, తిన్న రొట్టెలు అన్నీ చెప్పి మీ భోజనాల సమయం తినివేయను. అక్కడ నాకు దొరికిన ఒక పన్ను గురించి మాత్రం చెబుతాను. రెవెన్యూ శాఖలో పనిచేసిన వారికి పన్ను అనగానే వేరే పన్ను గుర్తుకు వస్తుంది. ఇది నోట్లో ఉండే పన్ను. అయితే మనిషిది కాదు, కోటి ఏళ్ళ పైబడిన సొరచేపది.

మా మనుమడికి అప్పుడు పదేళ్ళు. వాడికి రాళ్ళ పిచ్చి. శిలాజాలంటే ప్రాణం. శిలాజమంటే ఏమిటో మనవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. చాలామంది ఇళ్ళల్లో పూజామందిరంలో సాలగ్రామం ఉంటుంది. దానిలోపల కనిపించే చక్రం ఒకప్పటి సముద్ర జీవి గుల్ల తాలూకు ముద్ర. నేపాల్లో గండకీ నది ఒడ్డున, హిమాలయాల ఎత్తున అవి దొరుకుతున్నాయంటే, ఆ రాళ్ళు ఒకప్పుడు సముద్రపు అడుగున ఉన్నట్లు లెక్క. మాల్టా దీవి మొత్తం అలాంటిదే. సుమారు 2.5 కోట్ల ఏళ్ళ నుంచి 70 లక్షల ఏళ్ళ క్రితం వరకు సముద్రపు అడుగున పేరుకున్న సున్నపురాయి, బంకమన్ను పొరలు పైకి లేచి దీవి అయినాయి.

ఒక ఆదివారం మా అల్లుడు మమ్మల్ని జ్నెయ్నా అనే సముద్రతీరానికి తీసుకువెళ్ళాడు. అక్కడి కొండచరియను చూసి నేను నిలబడిపోయాను. అడుగున పసుపుపచ్చటి మెత్తని సున్నపురాయి, దాని మీద బూడిదరంగు బంకమన్ను, దాని మీద పలచగా ఆకుపచ్చ ఛాయ గల ఇసుకరాయి, అన్నిటికంటె పైన గట్టి సున్నపురాయి. అచ్చం మన రికార్డు గది. అడుగున పాత సంవత్సరాల కట్టలు, పైన కొత్తవి. ఎవరూ చెయ్యి పెట్టకుండా ఉంటే ఏ కట్ట ఏ సంవత్సరానిదో దుమ్ము చూసి చెప్పేవాళ్ళం గదా! పొరల సంగతి కూడా అంతే. అడుగుది ముందుది, పైది తర్వాతిది. ఈ మాటను శాస్త్రంగా మొదట రాసినవాడు స్టెనో అనే డెన్మార్కు దేశపు వైద్యుడు, 1669లో. ఆయన ప్రస్తావన మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

మనుమడు ముందు, నేను వెనుక, చరియ కింద పడి ఉన్న బండల మధ్య వెతకసాగాము. తడి బంకమన్ను మీద రెండుసార్లు జారాను. "మోకాలు విరిగితే ఎవరు చూస్తరు?" అని మా ఇంటావిడ ఒడ్డున కూర్చుని కేకలు. ఒక బండ మీద అరిసెంత గుండ్రటి రాయి, దాని నడుమ అయిదు రేకల పువ్వు చెక్కినట్టు కనిపించింది. అది సముద్రపు ముళ్ళకాయ జాతి జీవి అని మనుమడు చెప్పాడు. ముళ్ళు రాలిపోయి గుల్ల మాత్రం రాయిలో మిగిలింది. నత్తగుల్లలు, ఆల్చిప్పల ముద్రలు ఎన్నో చూశాము. అవి బండలో అతుక్కుని ఉన్నాయి గనుక చూసి ఊరుకున్నాము.

మధ్యాహ్నం దాటాక వాడు "తాతా!" అని అరిచాడు. కూలిపడిన ఒక పచ్చరాతి గడ్డ పక్కన ఇసుకలో, నా బొటనవేలి గోరంత వస్తువు మెరుస్తోంది. బెల్లపు పాకం రంగు. మూడు కోణాలు. అంచు మీద వేలు పెడితే చిన్న రంపంలా తగిలింది. సొరచేప పన్ను. వాడు ఎగిరి గంతులు వేశాడు. నేను చుట్టూ చూశాను. ఎవరూ లేరు. ఎందుకు చూశానో అప్పుడు ఆలోచించలేదు. పన్నును రుమాలులో చుట్టి నా కళ్ళజోడు పెట్టెలో పెట్టాను. "మన ఊరికి తీసుకుపోదాం" అని వాడికి మాట కూడా ఇచ్చాను.

ఆ రాత్రి మనుమడు తన పుస్తకంలోంచి ఆ పళ్ళ కథ చదివి వినిపించాడు. క్రైస్తవ గురువు పాల్ గారు ప్రయాణించిన ఓడ మాల్టా దగ్గర పగిలింది. ఒడ్డున చలిమంట వేస్తుండగా ఆయన చేతిని పాము కరిచినా ఏమీ కాలేదని బైబిలులో ఉంది. ఆయన మహిమ వల్ల దీవిలోని పాములన్నిటికీ విషం పోయిందనీ, వాటి నాలుకలే ఈ రాళ్ళనీ జనం నమ్మారు. నాలుక రాళ్ళు అని పేరు పెట్టారు. విషానికి విరుగుడని మెడలో కట్టుకునేవారు, ద్రాక్షసారాలో ముంచి తాగేవారు. మాల్టా నుంచి ఐరోపా దేశాలకు ఇవి ఎగుమతి అయ్యేవి. 1666లో ఇటలీ తీరంలో ఒక పెద్ద సొరచేపను పట్టి, దాని తలను స్టెనో దగ్గరకు పంపారు. ఆయన కోసి చూస్తే దాని నోట్లో ఉన్నవి అవే నాలుక రాళ్ళు! మరుసటి సంవత్సరం ఆ సంగతి అచ్చు వేయించాడు. సొరచేప పన్ను రాతిలోకి ఎలా వచ్చింది అన్న ప్రశ్నతోనే ఆయన పొరల లెక్క దాకా వెళ్ళాడు. చేతిలో ఇమిడేంత పన్ను చివరకు భూమి వయసును అడిగించింది.

వారం తర్వాత అందరం ఆర్ దలామ్ అనే గుహ చూడడానికి బస్సులో వెళ్ళాము. బిర్‌జెబ్బూజా అనే ఊరి దగ్గర ఉంది. చీకటి గుహ అని ఆ పేరుకు అర్థం చెబుతారు. సుమారు 144 మీటర్ల పొడవు. రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబుల నుంచి తప్పించుకోవడానికి జనం అందులో తలదాచుకున్నారు. 1865 నుంచి అక్కడ తవ్వకాలు జరిగాయి. కింది పొరలో నీటిగుర్రాల, ఏనుగుల ఎముకలు, పై పొరలో దుప్పుల ఎముకలు, అన్నిటికంటె పైన మనుషులు వాడిన కుండపెంకులు. నీటిగుర్రాల పొర సుమారు 1,80,000 ఏళ్ళ నాటిదనీ, దుప్పుల పొర సుమారు 18,000 ఏళ్ళ నాటిదనీ అక్కడ చెబుతారు.

ఇంత చిన్న దీవికి ఏనుగులు ఎలా వచ్చాయి? మంచు యుగంలో సముద్రం బాగా తగ్గినపుడు సిసిలీ నుంచి నేల దారి ఏర్పడింది. నీరు మళ్ళీ పెరగగానే వచ్చిన జంతువులు చిక్కుబడ్డాయి. మేత తక్కువ, పులీ సింహమూ లేవు. అటువంటి చోట పెద్ద శరీరం దండగ. వేల తరాలలో ఏనుగులు చిన్నవైపోయాయి. మాల్టా, సిసిలీ దీవుల్లో దొరికిన ఒక ఏనుగు జాతి భుజం దగ్గర సుమారు ఒక మీటరే. మన ఇళ్ళల్లో భోజనాల బల్ల కంటె కాస్త ఎత్తు, అంతే. దీనికి విరుద్ధంగా ఎలుక జాతి జంతువు ఒకటి పిల్లి అంత పెరిగింది.

ఆ చిన్న ఏనుగు జాతికి పెట్టిన పేరు వెనుక మన దేశం కథ ఉంది. ఫాల్కనర్ అనే స్కాట్లండు డాక్టరు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా వచ్చి, సహారన్‌పూర్ తోటలకు అధికారిగా ఉంటూ, 1830ల్లో శివాలిక్ కొండల్లో ఏనుగుల, నీటిగుర్రాల, పెద్ద తాబేళ్ళ శిలాజాలు సేకరించాడు. గంగా కాలువ కట్టించిన కాట్లీ దొర ఆయనకు జతగాడు. ఉద్యోగం ఒకటి, చేసిన ఘనకార్యం ఇంకొకటి. తర్వాత ఇంగ్లండు తిరిగి వెళ్ళి మాల్టా ఏనుగుల ఎముకలను పరిశీలించినవాడు ఆయనే. ఆయన పోయాక 1867లో ఒక చిన్న ఏనుగు జాతికి ఆయన పేరు పెట్టారు.

గుహ పక్కన మ్యూజియం ఉంది. గాజు బీరువాల్లో వరుసలు వరుసలుగా ఎముకలు, పళ్ళు. నాకు స్టాక్ రిజిస్టరు చూసినట్లే అనిపించి ముచ్చట వేసింది. అక్కడున్న ఉద్యోగి ఒకాయన మాటల్లో చెప్పాడు. 1980లో ఈ మ్యూజియంలో దొంగతనం జరిగింది. చిన్న ఏనుగుల దంతాలు నాలుగు, కొత్త రాతియుగపు పసిపిల్లవాడి పుర్రె పోయాయి. మళ్ళీ అలాంటివి తెచ్చిపెట్టడం ఎవరి తరమూ కాదు.

నా చొక్కా జేబులో కళ్ళజోడు పెట్టె ఉంది. ఒక్కసారిగా బరువెక్కింది.

ఇప్పుడు మీకు యాభై ఏళ్ళ నాటి సంగతి ఒకటి చెప్పాలి. ఇంతవరకు ఇంట్లో కూడా చెప్పలేదు. 1976లో నేను అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో, ప్రాణహిత నది వైపున ఒక తాలూకా కార్యాలయంలో ఎల్.డి.సి.గా ఉన్నాను. ఒక రైతు ఏదో అర్జీ పనిమీద వచ్చి, వెంట తెచ్చిన బరువైన రాయిని నా బల్ల మీద పెట్టి "ఇది మా దిక్కు దొరికింది సారూ, బొక్క లెక్కున్నది" అన్నాడు. నిజంగానే ఎముక ఆకారం. ఎర్రమన్ను రంగు. నేను నవ్వి, ఆయన అర్జీకి ఇన్‌వర్డ్ నంబరు వేసి పంపించాను. రాయి మాత్రం నా బల్ల మీద ఉండిపోయింది. పంకా గాలికి కాగితాలు ఎగరకుండా అంతకంటె మంచి పేపర్ వెయిట్ లేదు.

ఏడాది తర్వాత కాబోలు, జియలాజికల్ సర్వే వారి జీపు మా కార్యాలయానికి వచ్చింది. వారిలో ఒకాయన నా బల్ల మీది రాయిని చూసి చటుక్కున చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి తిప్పి చూశాడు. కళ్ళు మెరిశాయి. "ఎక్కడ దొరికింది?" అని అడిగాడు. నాకు తెలియదు. ఏ ఊరు? తెలియదు. తెచ్చినవాడి పేరు? గుర్తు లేదు. వాగులోనా, చేనులోనా? నేను అడగనే లేదు. ఆయన కోప్పడలేదు. రాయిని మెల్లగా మళ్ళీ కాగితాల మీద పెట్టి, "ఊరు తెలియని ఎముక మాకు పనికిరాదండీ" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. బదిలీ అయినపుడు చార్జి లిస్టులో బీరువా తాళాలు, రబ్బరు ముద్రలు, చివరకు ఇంకు బుడ్డీలు కూడా రాసి అప్పగించాను. ఆ రాయి ఏ జాబితాలోనూ లేదు. తర్వాత ఏమైందో తెలియదు.

అదే ప్రాంతంలో యామనపల్లి దగ్గర 1970ల చివర జియలాజికల్ సర్వే వారు రాక్షసబల్లి ఎముకలు తవ్వి తీశారు. 1988లో దానికి కోటసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. మన ఊరి పేరు ప్రపంచ శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కింది. నా పేపర్ వెయిట్ ఆ జంతువుదే కావచ్చు, కాకపోవచ్చు. తేల్చగలిగే ఆధారాన్ని నేనే పోగొట్టాను. అర్జీకి నంబరు వేసినవాణ్ణి, పక్కనే ఉన్న రాయికి ఒక చీటీ అంటించలేకపోయాను.

ఆ రాత్రి మాల్టాలో అమ్మాయితో పన్ను సంగతి చెప్పాను. అది ఉలిక్కిపడింది. "బాపూ, ఇక్కడ శిలాజాలు కూడా ప్రభుత్వ రక్షణలో ఉంటయి. 2002 చట్టం ఉన్నది. అనుమతి లేకుండ దేశం దాటించొద్దు" అంది. అల్లుడు 2020 నాటి వార్త గుర్తుచేశాడు. ప్రకృతి చిత్రాలు తీసే డేవిడ్ అటెన్‌బరో గారు 1960ల చివర కుటుంబంతో మాల్టాకు సెలవులకు వచ్చినపుడు పెద్ద సొరచేప పన్ను ఒకటి దొరికింది. 2020 సెప్టెంబరులో ఆయన దాన్ని ఇంగ్లండు రాకుమారుడు జార్జికి కానుక ఇచ్చారు. ఫొటో పత్రికల్లో రాగానే మాల్టా మంత్రి ఒకరు అది మా దేశపు సొత్తు, తిరిగి తెప్పించే సంగతి చూస్తామన్నారు. తర్వాత ప్రభుత్వం ఆ విషయాన్ని అంతటితో వదిలివేసింది. "అంత పెద్దాయనకే ప్రశ్న వచ్చింది, మనమెంత?" అన్నాడు అల్లుడు.

మనుమడు ఏడుపు మొదలుపెట్టాడు. "తాత ఇస్తనన్నడు" అని ఒకటే మాట. మా ఇంటావిడ "గోరంత పన్నుకు ఇంత రాద్ధాంతమా, పిల్లవాడు ఏడుస్తుంటే" అని వాడి పక్షం వహించింది. నిజం చెప్పాలంటే నాకూ ఒక ఆలోచన వచ్చింది. ఎవరు చూస్తారు? కళ్ళజోడు పెట్టెను విమానాశ్రయంలో ఎవరు విప్పుతారు? ముప్పై ఆరేళ్ళు ఇతరుల లెక్కలు సరిచూసినవాడికి ఆ ఆలోచన రావడమే నాకు సిగ్గనిపించింది. కాని వచ్చింది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

మనుమణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని పేపర్ వెయిట్ కథ మొత్తం చెప్పాను. వాడు ఏడుపు ఆపి, "నువ్వు ఊరి పేరు ఎందుకు అడగలే తాతా?" అన్నాడు. జవాబు లేదు. "అందుకే నువ్వు రాయి" అని కాగితం ఇచ్చాను. ఇద్దరం కూర్చుని తయారుచేశాము. తేదీ, సమయం, తీరం పేరు, చరియ ఏ వైపున, సముద్రపు అంచుకు ఎన్ని అడుగుల దూరం, పక్కనున్న గడ్డ రంగు, చూసినవాడి పేరు, తీసినవాడి పేరు. తీసినవాడి పేరు దగ్గర నా పేరు రాయించాను. వాడు కొండచరియ బొమ్మ గీసి బాణం గుర్తు పెట్టాడు. నా సర్వీసులో అంత శ్రద్ధగా తయారైన నోటు మరొకటి లేదు.

ఇమ్దీనా అనే పాత రాజధానిలో ఒక పూర్వపు భవంతిలో ప్రకృతి శాస్త్ర మ్యూజియం ఉంది. మరునాడు అక్కడికి వెళ్ళాము. ఏమంటారో, జరిమానా వేస్తారేమో అని నాకు లోపల గుబులు. బల్ల వద్దనున్న అమ్మాయి లోపలికి వెళ్ళి ఒకాయనను పిలుచుకువచ్చింది. ఆయన పన్నును అరచేతిలో పెట్టుకుని చూశాడు. చూసి, ముందుగా అడిగిన మాట ఏమిటో తెలుసునా?

"ఎక్కడ దొరికింది?"

యాభై ఏళ్ళ నాటి ఆ ప్రశ్నే. నాకు నోట మాట రాలేదు. మనుమడు కాగితం ముందుకు చాచాడు. ఆయన చదివి, బొమ్మను చూసి, వాడితో పెద్దవాడితో మాట్లాడినట్లు మాట్లాడాడు. పన్ను సాధారణంగా దొరికే రకమేననీ, ఇంకోసారి కనబడితే తీయకుండా అక్కడే ఉంచి, పక్కన నాణెం పెట్టి ఫొటో తీసి తెలియజేస్తే ఇంకా మంచిదనీ చెప్పాడు. చోటు రాసి తేవడం మాత్రం చాలా బాగుందన్నాడు. గుమాస్తా బుద్ధి పోతుందా, నేను రసీదు అడిగాను. ఆయన నవ్వి, మనుమడి కాగితానికి నకలు తీసి, దాని మీద "అందినది" అని రాసి, తేదీ వేసి, సంతకం చేసి ఇచ్చాడు. దాన్ని ఇప్పుడు వాడు తన బల్ల మీద పటం కట్టించి పెట్టుకున్నాడు.

శిలాజాలు ఏరడానికి వెళ్ళి నేను ఇంటికి తెచ్చుకున్నది ఏమీ లేదు. తిరుగు ప్రయాణంలో సంచి తేలికగా ఉంది. మరుసటి సంవత్సరం సెలవులకు మనుమడు వచ్చినపుడు హైదరాబాదులో బిర్లా సైన్స్ సెంటరుకు తీసుకువెళ్ళి కోటసారస్ అస్థిపంజరం చూపించాను. వాడు దాని తల నుంచి తోక దాకా నడిచి, "నీ పేపర్ వెయిట్ ఇందులో ఎక్కడిది తాతా?" అని అడిగాడు. ఏమని చెప్పను?

మిత్రులారా, మనలో చాలామందిమి మారుమూల తాలూకాల్లో, అడవుల్లో, ప్రాజెక్టుల దగ్గర పనిచేశాము. ఎన్నో చూశాము. పాడుబడిన గుళ్ళు, శాసనాల రాళ్ళు, చెరువు తూముల కింద దొరికిన కుండలు. ఎవరూ అడగలేదని చెప్పలేదు. అడిగేవారు వచ్చేసరికి మనం ఉంటామో లేదో తెలియదు. నా విన్నపం చిన్నది. మీరు చూసినది ఏ ఊళ్ళో, ఏ సంవత్సరంలో, ఎవరి చేనులో అన్నది ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఉంచండి. పాత ఫొటోల వెనుక పేర్లు వేయండి. మనకు చేతనైన పని అదే, జీతం తీసుకుని నేర్చుకున్నదీ అదే.